కట్ట పూర్తయ్యాకే తలెత్తు

చిత్తూరు

చిరంజీవి చిట్టికి పెదనాన్న ఆశీస్సులు.

ఒక చెవికి గ్రూప్-2 క్లాసు తగిలించుకుని, ఆఫీసు మెయిళ్లకు జవాబులిస్తూ, మధ్యలో వాట్సాప్ కూడా చూసేస్తున్నానని మొన్న ఫోనులో సంబరంగా చెప్పావు. అంతలోనే, రాత్రయ్యేసరికి చదివింది ఒక్క ముక్కా గుర్తుండడం లేదన్నావు. ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు.

నీ తెలివికి లోటేమీ లేదమ్మా, పద్ధతి మార్చుకోవాలి. ఆలోచన కావలసిన రెండు పనులను మెదడు ఒకేసారి చేయలేదు. ఒకటి వదిలి ఇంకొకటి అందుకుంటుంది, అంతే. అందుకున్న ప్రతిసారీ ఎక్కడ ఉన్నామో, ఏం చేయాలో మళ్లీ సర్దుకోవాలి. అందుకు సమయం పడుతుంది, తప్పులూ దొర్లుతాయి. ఆర్థర్ జెర్సిల్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1927లోనే ఈ ఆలస్యాన్ని కొలిచి చూపాడు.

నువ్వే పరీక్షించి చూడు. 1 నుంచి 25 వరకు అంకెలు రాసి, కింద ‘క’ నుంచి ‘మ’ వరకు 25 అక్షరాలు రాయి. ఎంతసేపు పట్టిందో చూసుకో. తర్వాత 1, క, 2, ఖ అంటూ ఒకటి మార్చి ఒకటి రాయి. రాసేవి అవే అయినా కలం ఎన్నిసార్లు ఆగుతుందో నీకే తెలుస్తుంది.

బ్యాంకు క్యాష్ కౌంటర్లో నా ఉద్యోగమంతా ఇదే పాఠం. వంద నోట్ల కట్ట లెక్కపెడుతూ అరవై దాటాక ఎవరైనా పాస్‌బుక్ గురించి అడిగితే, జవాబు చెప్పి వచ్చేసరికి అంకె జారిపోతుంది, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి. అందుకే కట్ట పూర్తయ్యేదాకా నేను తలెత్తేవాడిని కాదు. బెల్లం మండీ నుంచి వచ్చే వ్యాపారులు మొదట్లో చిరాకుపడినా, క్యూ త్వరగా కదలడం చూసి వాళ్లే ఆగేవారు.

అవధానులు ఎనిమిది మందికి ఒకేసారి జవాబివ్వడం లేదా అని నువ్వు అడగవచ్చు. ఈసారి తిరుపతి మహతి ఆడిటోరియంలో అవధానం జరిగితే శ్రద్ధగా గమనించు. సమస్య ఇచ్చిన పృచ్ఛకుడికి, అంటే ప్రశ్న అడిగినవారికి, ఒక పాదం చెప్పి, తర్వాత దత్తపది వైపు, అంటే ఇచ్చిన పదాలతో పద్యం చెప్పమన్నవారి వైపు తిరుగుతారు. ఒక్కో క్షణం ఒక్కరికే. మిగిలినవి ధారణలో, అంటే జ్ఞాపకంలో నిలిపి ఉంచుకుంటారు. ఆ ధారణ వెనక ఏళ్ల సాధన ఉంది.

వాట్సాప్ చూస్తూ చదవడం అలాంటి సాధన అనుకోకు. 2009లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు పరీక్షిస్తే, ఒకేసారి అనేక తెరలు, మాధ్యమాలు వాడే అలవాటు ఎక్కువగా ఉన్నవారే అనవసరమైనవి పక్కన పెట్టడంలో, పని మార్చుకోవడంలో వెనకబడ్డారు. అలవాటు వల్ల అలా అయ్యారో, అలాంటివారే ఆ అలవాటులో పడతారో ఆ పరీక్ష తేల్చలేదు. ఎలాగైనా, అందులో సాధనతో వచ్చిన నేర్పు మాత్రం కనబడలేదు.

ఇక చేయవలసింది. తెల్లవారుజామున క్లాసు వినేటప్పుడు ఫోను వంటగదిలో పెట్టు. మెయిళ్లకు వేరే వేళ కేటాయించు. చదువు మధ్యలో లేవవలసి వస్తే, ఎక్కడ ఆపావో, తర్వాత ఏం చేయాలో ఒక వాక్యం రాసి లేవు. సగంలో వదిలిన పని మీద మనసు కొంత అక్కడే చిక్కుకుంటుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించింది. రాసిపెట్టుకుంటే ఆ పట్టు సడలుతుంది. బట్టలు మడతపెడుతూ పాటలు వినడం మానక్కర్లేదు, చేతికి అలవాటైన పనికి ఆలోచన పెద్దగా అక్కర్లేదు కదా.

అన్నిటికన్నా ముఖ్యం, అలిపిరి రోడ్డులో స్కూటీ నడుపుతూ ఇయర్‌ఫోన్‌లో మాట్లాడకు. చేతులు ఖాళీగా ఉన్నా ధ్యాస రోడ్డు మీద ఉండదు. కారు నడపడం మీద 2001లో జరిగిన ప్రయోగంలో, ఫోను చేత్తో పట్టుకున్నా పట్టుకోకపోయినా మాట్లాడేవారు సిగ్నళ్లను ఒకేలా గమనించకుండా పోయారు. నా ఫోనైనా సరే, బండి పక్కకు ఆపాకే ఎత్తు.

ఇట్లు,
పెదనాన్న