ఇంటర్‌లో సీఈసీ, ఇప్పుడు నర్సింగ్: కెమిస్ట్రీ ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సీఈసీ చదివి జీఎన్‌ఎం నర్సింగ్ డిప్లొమాలో చేరింది. అనాటమీ, ఫిజియాలజీ క్లాసులో అయాన్లు, పీహెచ్, ఆస్మాసిస్ అంటుంటే ఏమీ అర్థం కావడం లేదని ఫోన్ చేసి ఏడుస్తోంది. మాన్పించి డిగ్రీలో చేర్పించమంటారా?
- ఒక తండ్రి, ఖమ్మం జిల్లా

జవాబు: మాన్పించకండి. బైపీసీ పిల్లలు రెండేళ్లపాటు విన్న మాటలను మీ అమ్మాయి ఇప్పుడే మొదటిసారి వింటోంది. తేడా అంతే. జీఎన్‌ఎం అయ్యాక పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్‌కు వెళ్లే దారి కూడా ఉంది.

అలాగని బైపీసీ పుస్తకాలన్నీ కొనిచ్చి మొదటి పేజీ నుంచి చదవమనకండి. ఆర్గానిక్ కెమిస్ట్రీ, మొక్కల పాఠాలు ఆమెకు ఇప్పుడు అక్కర్లేదు. వార్డులో రోజూ కనిపించే సెలైన్ బాటిల్ దగ్గర మొదలుపెడితే చాలు. ఇక్కడి నుంచి ఆమెకే చెబుతాను, చదివించండి.

అమ్మా, ఆ బాటిల్ మీద సోడియం క్లోరైడ్ 0.9 శాతం అని ఉంటుంది. అంటే లీటరుకు 9 గ్రాముల ఉప్పు. నీటిలో కరిగాక అది సోడియం, క్లోరైడ్ అయాన్లుగా విడిపోతుంది. అయాన్ అంటే విద్యుదావేశం ఉన్న కణిక, అంతే. సోడియం, పొటాషియం, కాల్షియం అయాన్లు కణం లోపలికీ బయటికీ కదలబట్టే గుండె కొట్టుకుంటోంది. పొటాషియం ఇంజెక్షన్‌ను పలచన చేయకుండా ఒక్కసారిగా సిరలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. నీకు కెమిస్ట్రీ ఎందుకంటే ఇందుకే.

మరి వట్టి నీళ్లే ఎందుకు ఎక్కించరు? ఎర్ర రక్తకణం పొర గుండా నీరు సులువుగా పోతుంది, ఉప్పు అలా పోలేదు. బయట వట్టి నీరు ఉంటే అది కణంలోకి చేరుతుంది, కణం ఉబ్బి పగిలిపోతుంది. బయట ఉప్పు ఎక్కువైతే లోపలి నీరు బయటికొచ్చి కణం ముడుచుకుపోతుంది. మాగాయకు మామిడి ముక్కల్లో ఉప్పు వేస్తే ఊట దిగడం చూశావు కదా, ఆస్మాసిస్ అదే. దీని మీద వారం రోజులు పెట్టినా నష్టం లేదు. కిడ్నీ పాఠం, ఒంటికి నీరు పట్టడం, డీహైడ్రేషన్ అన్నీ దీని మీదే నిలబడతాయి.

ఇక మైక్రోబయాలజీ. ఆ బాటిల్లో ఒక్క సూక్ష్మజీవి కూడా ఉండకూడదు. మరిగిస్తే సరిపోదు, ధనుర్వాతం తెచ్చే బాక్టీరియా స్పోర్లు, అంటే గట్టి పొర కప్పుకుని నిద్రాణంగా ఉండే రూపాలు, మరిగే నీటిని కూడా తట్టుకుంటాయి. అందుకే వార్డు పరికరాలను ఆటోక్లేవ్ అనే ఆవిరి యంత్రంలో ఒత్తిడి పెంచి, సాధారణంగా 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచుతారు.

పీహెచ్ అంటే ఒక ద్రవం ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే కొలత. దాని కోసం పదో తరగతిలోని ఆమ్లాలు, క్షారాల పాఠం మళ్లీ చదువు. రక్తం పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్యే ఎందుకు ఉండాలో తర్వాత శ్వాస పాఠంలో తెలుస్తుంది.

అయ్యా, ఈసారి ఆమె ఇంటికొచ్చినప్పుడు ఆస్మాసిస్ అంటే ఏమిటో మీకు తెలుగులో చెప్పమనండి. చెప్పగలిగితే తర్వాతి పాఠానికి వెళ్లొచ్చు. తడబడితే కంగారుపడకండి, ఆ ఒక్క పాఠాన్నే క్లాసు తర్వాత ట్యూటర్ దగ్గర మళ్లీ చెప్పించుకోమనండి.