టెక్ సందేహాలు: డబ్బు కట్టకుండా పరిశోధన వ్యాసాలు చదివేదెలా?

ప్రశ్న: ప్రభుత్వ కళాశాలలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. నల్గొండ భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ మీద ప్రాజెక్టు చేయాలి. ఇంటర్నెట్‌లో వెతికితే కుప్పలుగా ఫలితాలు వస్తున్నాయి. పనికొచ్చే వ్యాసం తెరవబోతే వేల రూపాయలు కట్టమంటోంది. ఏం చేయాలి?
– ఒక విద్యార్థిని, నల్గొండ జిల్లా

జవాబు: ముందు ఒక మాట, డబ్బు కట్టకండి. మీది ప్రభుత్వ కళాశాల కనుక ఆ వ్యాసం చదివే అవకాశం మీకు ఇప్పటికే ఉండి ఉండవచ్చు. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో ఆమోదించిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం కింద 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థల పత్రికలు, దాదాపు 13,000, ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. మూడేళ్లకు ప్రభుత్వం కేటాయించిన మొత్తం 6,000 కోట్ల రూపాయలు. ఇంత ప్రజాధనం ఖర్చవుతుంటే, ఆ సంగతే తెలియక విద్యార్థులు సారాంశాలతో సరిపెట్టుకోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. రేపే లైబ్రేరియన్‌ను కలవండి. కళాశాల నమోదైందా, ఇంటి నుంచి లాగిన్ ఇస్తారా అని అడగండి.

ఇక వెతకడం. డేటాబేస్‌లో (పరిశోధన వ్యాసాలను వెతికే సైటులో) పూర్తి వాక్యం టైప్ చేయకండి. అంశాన్ని ముక్కలు చేయండి: ఫ్లోరైడ్, భూగర్భ జలం, నల్గొండ. ఒక్కో ముక్కకు రచయితలు వాడే ఇతర పదాలను ‘ఆర్’తో (వాటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలని అర్థం) కలిపి బ్రాకెట్లో పెట్టండి. ఉదాహరణకు ఫ్లోరైడ్ పక్కన ఫ్లోరోసిస్. గ్రౌండ్‌వాటర్‌ను కొందరు ఒకే పదంగా, కొందరు రెండుగా రాస్తారు, రెండూ ఇవ్వండి. ఆ బ్రాకెట్లను ‘అండ్’తో (అన్నిటి నుంచీ ఒక్కో పదమైనా ఉండాలని అర్థం) కలపండి. ఈ ఆర్, అండ్‌లను ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లోనే రాయండి. వైద్య, జీవశాస్త్ర వ్యాసాల డేటాబేస్ పబ్‌మెడ్ వంటి చోట్ల ఇది తప్పనిసరి.

మీ అంశంలో రెండు చిక్కులున్నాయి. మొదటిది, 2014 జూన్‌కు ముందు వచ్చిన వ్యాసాల్లో నల్గొండ ఆంధ్రప్రదేశ్‌లో ఉంటుంది. రాష్ట్రం పేరుగా తెలంగాణ ఒక్కటే ఇస్తే పాత పరిశోధన చాలావరకు జారిపోతుంది, రెండు పేర్లూ ‘ఆర్’తో ఇవ్వండి. రెండోది, పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరుంది. అందుకే నల్గొండ అని వెతికితే ఇథియోపియా, టాంజానియా నీళ్ల మీద రాసినవీ వస్తాయి. ‘నాట్’ (ఈ మాట ఉన్నవి వద్దు అని అర్థం) వాడి ‘నల్గొండ టెక్నిక్’ ఉన్న వ్యాసాలను పూర్తిగా తీసేయవద్దు, జిల్లా మీద రాసిన మంచి వ్యాసాలూ దానితో పోతాయి. సారాంశం చదివి మీరే ఏరండి, కాస్త సమయం పట్టినా అదే మేలు.

మంచి వ్యాసం ఒక్కటి దొరికితే దాని చివరనున్న ఆధారాల జాబితా చూడండి. తర్వాత పరిశోధన వ్యాసాలను వెతికే గూగుల్ స్కాలర్‌లో దాని కింద ‘సైటెడ్ బై’ నొక్కండి, దాన్ని ఉదహరించిన వ్యాసాలు వస్తాయి. జాబితా పాత పరిశోధనకు, ‘సైటెడ్ బై’ కొత్త పరిశోధనకు దారి చూపుతాయి. మన విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలున్న శోధ్‌గంగను మాత్రం వదలకండి. గ్రామాలవారీ నీటి పరీక్షల వివరాలు వ్యాసాల కంటే అక్కడే విపులంగా దొరికే అవకాశముంది.

ప్రశ్న: మాది ప్రైవేటు కళాశాల. మాకు దారి లేదా?
– ఒక బీటెక్ విద్యార్థి

జవాబు: ఉంది. గూగుల్ స్కాలర్‌లో వ్యాసం కింద ‘ఆల్ వెర్షన్స్’ నొక్కితే రచయితలు ఉచితంగా ఉంచిన ప్రతి కొన్నిసార్లు దొరుకుతుంది. బ్రౌజర్‌లో ‘అన్‌పేవాల్’ ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే అలాంటి ప్రతులను అదే చూపిస్తుంది. అప్పటికీ దొరకకపోతే సారాంశం పేజీలో రచయిత ఈమెయిల్ ఉందేమో చూసి, మీ ప్రాజెక్టు గురించి రెండు వాక్యాలు రాసి ప్రతి పంపమని అడగండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు, పరిశోధకుల మధ్య ఇది మామూలే.