ర్యాంకు రాశారు, నాటికల పేర్లు రాయలేదు

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ చదివి రెండేళ్లుగా గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. కాలేజీ రోజుల నుంచి నాటికలు రాస్తోంది. మూడింటిని ప్రదర్శించారు కూడా. ఒక లఘుచిత్రానికి కథ, మాటలు అందించింది. ఇప్పుడు ఉద్యోగం మానేసి సినిమా రచయిత్రి అవుతానంటోంది. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రంగస్థల కళలు, నగరంలోనే ఒక ప్రైవేటు సంస్థ నడిపే ఏడాది కోర్సు... వీటిలో ఏది మేలు? ప్రైవేటు సంస్థ వారు వెంటనే అడ్వాన్సు కట్టమంటున్నారు. షాద్‌నగర్ దగ్గరి ప్లాటు అమ్మమంటారా?
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: మీ ఉత్తరం పెద్దది. ఇక్కడ కుదించి వేశాం. అసలు ఉత్తరంలో మీ అమ్మాయి ఇంటర్ మార్కులు, ఎంసెట్ ర్యాంకు, ఇప్పటి ప్యాకేజీ, ఆగిపోయిన పెళ్లి సంబంధం, మీ బావమరిది గారి అభిప్రాయం అన్నీ ఉన్నాయి. ఆమె రాసిన మూడు నాటికల పేర్లు మాత్రం లేవు. అవి దేని గురించో లేదు. ప్రదర్శనకు మీరు వెళ్లారో లేదో కూడా లేదు. వెళ్లి ఉంటే తప్పక రాసేవారని నా అనుమానం. కోపం తెచ్చుకోకండి. రాసే మనిషి భవిష్యత్తు తేల్చాలంటే ముందు చూడాల్సినవి ఆమె రాసిన కాగితాలే.

ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి. కోర్సు పేర్లు మారతాయి గానీ వాటి కింద ఉన్న భయం ఒక్కటే. ఇది బెడిసికొడితే పిల్ల గతేమిటి? ముందు దానికే జవాబు చెబుతాను. మీ అమ్మాయి చేతిలో డిగ్రీ ఉంది, రెండేళ్ల అనుభవం ఉంది. ఏడాదో రెండేళ్లో విరామం తీసుకుని వెనక్కి వస్తే జీతం కాస్త తగ్గవచ్చు, ఇంటర్వ్యూలో నాలుగు ప్రశ్నలు ఎక్కువ అడగవచ్చు. అంతకు మించి కొంప మునిగేదేమీ లేదు. అదీగాక చదువు, ఉద్యోగాల మధ్యే మూడు నాటికలు పూర్తి చేసి, నటులను పోగుచేసి, ప్రదర్శన దాకా తీసుకెళ్లిందంటే బద్ధకస్తురాలు కాదు. కథ మొదలుపెట్టేవాళ్లు ఈ నగరంలో కోకొల్లలు. చివర 'తెర' అని రాసేదాకా కూర్చునేవాళ్లు తక్కువ.

రాసినవి బాగున్నాయో లేదో మీకెలా తెలుస్తుంది? ఒకసారి రిహార్సల్‌కు వెళ్లి వెనక కూర్చోండి. నటుడు ఒకే మాట దగ్గర మూడోసారి తడబడినప్పుడు ఆమె ఏం చేస్తుందో గమనించండి. నటుణ్ని విసుక్కుంటే ఇంకా నేర్చుకోవాలి. పెన్సిలు తీసి ఆ పొడవాటి వాక్యం కొట్టేసి 'నేను రాను' అని రెండు ముక్కలు మిగిలిస్తే, పని తెలుస్తోందన్నమాట. ఇంటికొచ్చాక స్క్రిప్టులో పాత్రల పేర్ల మీద కాగితం అడ్డుపెట్టి చదవండి. ఎవరి మాట ఎవరిదో పోల్చుకోగలిగితే సగం గెలిచినట్టే. అత్తా కోడలూ ఆటోడ్రైవరూ ఒకే తీరుగా మాట్లాడుతుంటే ఏ కోర్సులో చేరినా ముందు అది సరిచేసుకోవాలి.

నాటకం రాస్తూ కూర్చుంటే సినిమాకు పనికిరాదని మీ బావమరిది గారు అన్నారట. ఆత్రేయ సినిమాలకు రాకముందే 'ఎన్.జి.ఓ.' రాసిన నాటకకర్త. గణేశ్ పాత్రో, తనికెళ్ల భరణి కూడా రంగస్థలం మీద చేయి తిరిగాకే సినిమాకు మాటలు రాశారు. ప్రేక్షకుడు కుర్చీలో అటూ ఇటూ కదలడం కళ్లారా చూసిన రచయితకు ఎక్కడ సాగిందో ఎవరూ చెప్పక్కర్లేదు. అయితే ఒక చిక్కుంది. వేదిక మీద అంతా మాటల్లోనే నడపడం అలవాటైపోతుంది. సినిమాలో పాత్ర తలుపు వేసిన తీరే మాటకు బదులు కావాలి. ఆమెకు ఆ మార్పు వచ్చిందో లేదో లఘుచిత్రం స్క్రిప్టు చెబుతుంది.

ఇక మీరడిగిన ప్రైవేటు కోర్సు లాంటి, ఈ మధ్య ఊరంతా ఊగిపోతున్న ఓటీటీ రచన కోర్సుల సంగతి. 2020లో 'ఆహా' వచ్చాక వెబ్ సిరీస్ రచయితలకు ఇక కొదవ లేని పని అని ప్రచారం మొదలైంది. నాకు నమ్మకం లేదు. మూడంకాల నిర్మాణం (కథను మొదలు, నడుమ, ముగింపుగా విడగొట్టడం), సీన్ ఆర్డర్ (సన్నివేశాల వరుస), స్క్రిప్టు సాఫ్ట్‌వేర్ ఇవన్నీ శ్రద్ధ ఉన్న మనిషి కొద్ది నెలల్లో సొంతంగా నేర్చుకోగలిగినవి. ఫిల్మ్‌నగర్‌లో ఏ నిర్మాతా సర్టిఫికెట్ అడగడు, 'కథ చెప్పండి' అంటాడు. బ్రోషరు మీద ప్రముఖ దర్శకుడి ఫోటో ఉంటుంది, ఆయన వచ్చేది ఒక పూట. అసలు అడగాల్సినవి వేరు. విద్యార్థి రాసిన ప్రతి డ్రాఫ్టును కూర్చుని చదివేదెవరు? ఒక్కో అధ్యాపకుడికి ఎంతమంది? పాత విద్యార్థుల పేర్లు ఏ సినిమా టైటిల్ కార్డుల్లో ఉన్నాయి? మధ్యలో మానేస్తే ఫీజు తిరిగిస్తారా? వీటికి కాగితం మీద జవాబు ఇవ్వకపోతే అడ్వాన్సు కట్టకండి. ప్లాటు జోలికి అసలే పోకండి.

మిగతా రెండింటి మాట క్లుప్తంగా. పుణెలో స్క్రీన్‌రైటింగ్‌కు విడిగా కోర్సు ఉంది, సీట్లు బహు తక్కువ. వస్తే రెండో ఆలోచన లేకుండా పంపండి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల పీజీ చేస్తే ఇంటి నుంచే వెళ్లిరావచ్చు, నాటకకర్తకు అంతకంటే మంచి చోటు ఈ ఊళ్లో నాకు తెలియదు. పుణె ఫలితం వచ్చేదాకా ఉద్యోగం మానవద్దని మాత్రం నా మాటగా చెప్పండి.

మీరు అడగకపోయినా డబ్బు సంగతి చెప్పాలి. కథా చర్చల్లో నెలల తరబడి కూర్చుని, సినిమా విడుదలయ్యాక తెర మీద తన పేరు లేక వెతుక్కున్న పిల్లలు నా దగ్గరికి వచ్చారు. ఆర్.జి. ఆనంద్ అనే నాటకకర్త తన నాటకాన్ని సినిమాగా తీసేశారని సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1978లో ఓడిపోయారు. ఆలోచనకు కాపీరైటు లేదని, దాన్ని మలిచిన రూపానికే రక్షణ ఉందని కోర్టు తేల్చింది. కాబట్టి నోటితో కథ చెప్పే ముందు పూర్తి స్క్రిప్టు రాసి పెట్టుకోవాలి. కాపీరైటు కార్యాలయంలో రచన నమోదుకు రుసుము 500 రూపాయలే. కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణ తర్వాత, సినిమాలో వాడుకున్న రచనకు థియేటర్ ప్రదర్శన కాక ఇతర మార్గాల్లో వచ్చే రాయల్టీలో రచయితకు సమాన వాటా హక్కు ఉంది. దాన్ని నిర్మాతకు వదులుకున్నట్టు ఒప్పందంలో రాయించుకున్నా చెల్లదు. అయినా రాయించుకుంటారు. అందుకే మొదటి ఒప్పందం వచ్చిన రోజు సంతకానికి ముందు న్యాయవాదికి చూపించండి. ఆ ఫీజు మీరు ఇవ్వండి, అమ్మాయి జీతంలోంచి అడగకండి.