బ్రేక్ కారే వేసుకుంటుందట, నమ్మొచ్చా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. కొత్త కారు కొన్నాం, అందులో అడాస్ (డ్రైవర్‌కి సాయపడే ఎలక్ట్రానిక్ ఏర్పాట్లు) ఉందట, ఎదురుగా ఏదైనా ఉంటే తనే బ్రేక్ వేసుకుంటుందట, ఎంతవరకు నిజం అని. ఇవాళంతా ఇదే.

సందేహం: కారు కొని పది రోజులైంది. ఆటోమేటిక్ బ్రేక్ పనిచేస్తుందో లేదో చూద్దామని మా తమ్ముడు ఖాళీ స్థలంలో అట్టపెట్టెలు పేర్చి వాటి మీదికి నడిపాడు. కారు ఆగలేదు, పెట్టెలన్నీ చెల్లాచెదురయ్యాయి. షోరూమ్‌కి వెళ్లి గట్టిగా అడగమంటారా?

జవాబు: వద్దండీ, ఇందులో కారు తప్పు లేదు. ముందు బంపర్ దగ్గర ఉండే రాడార్‌కి అట్టపెట్టె దాదాపు కనిపించదు, ఎందుకంటే ఆ తరంగాలు లోహానికి తగిలితే బాగా వెనక్కి వస్తాయి గానీ పొడి అట్టలోంచి చాలావరకు దాటిపోతాయి. అద్దం వెనకున్న కెమెరాకి పెట్టె కనిపిస్తుంది, కానీ దానికి నేర్పించింది బండ్ల వెనక భాగం ఎలా ఉంటుంది, మనిషి ఎలా ఉంటాడు, సైకిల్ ఎలా ఉంటుంది అని. పెట్టెల గుట్ట ఆ పాఠంలో లేదు. పరీక్షా కేంద్రాల్లో వాడేవి రాడార్‌కి నిజం కారులాగే కనిపించేట్టు తయారుచేసిన మెత్తటి డమ్మీలు.

ఇంకో సంగతి. ఇలా ఇంట్లో పరీక్ష పెట్టేవాళ్లు చివరి క్షణంలో భయపడి స్టీరింగ్ తిప్పుతారు, లేదా యాక్సిలరేటర్ మీద కాలు గట్టిగా పెట్టి ఉంచుతారు. చాలా కార్లలో ఆ రెండింటిలో ఏది జరిగినా 'డ్రైవర్ మెలకువగానే ఉన్నాడు, తప్పించుకుంటున్నాడు' అని సిస్టమ్ తప్పుకుంటుంది. కాబట్టి పెట్టెలైనా, ఇంకేదైనా పెట్టి పరీక్ష చేయొద్దు. మనిషిని నిలబెట్టడం గురించి అయితే ఆలోచన కూడా రానివ్వొద్దని తమ్ముడికి చెప్పండి.

సందేహం: ఈ బ్రేక్ కోసం ఎక్కువ డబ్బు పెట్టడం దండగ అని మా ఆఫీసులో ఒకాయన, అది లేని కారు కొననే కూడదని ఇంకొకాయన. ఎవరి మాట వినాలి?

జవాబు: డబ్బు విషయంలో రెండో ఆయన మాటే వినండి, ధీమా విషయంలో మాత్రం ఇద్దరి మాటా వద్దు. అమెరికాలో ఐఐహెచ్‌ఎస్ అని బీమా కంపెనీల డబ్బుతో నడిచే సంస్థ ఉంది, కార్లను గుద్దించి రేటింగులు ఇచ్చే బాపతు. రోడ్ల మీద నిజంగా జరిగిన ప్రమాదాల లెక్కలు వాళ్లు తీసి చూస్తే, ముందు బండిని వెనకనుంచి గుద్దే రకం ప్రమాదాలు ఈ బ్రేక్ ఉన్న కార్లకి దాదాపు సగానికి తగ్గాయి. నడిచేవాళ్లను గుద్దేవి 27 శాతం తగ్గాయి. బాగుంది కదా. కానీ అదే అధ్యయనంలో, వీధిదీపాలు లేని చీకట్లో ఆ తేడా ఏమీ కనపడలేదు. మనకు కారు సాయం అన్నిటికంటే ఎక్కువ కావాల్సింది అక్కడేనన్నది నన్నెప్పుడూ చిరాకు పెట్టే విషయం.

రెండో చిక్కు వేగం. అమెరికా వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ 2022లో నాలుగు కార్లతో పరీక్ష చేసింది. ముందున్న డమ్మీ కారు మీదికి గంటకు 48 కిలోమీటర్ల వేగంతో పంపితే 20 సార్లలో 17 సార్లు తగలకుండా ఆగాయి. 64కి పెంచేసరికి 20లో 6 సార్లే. పదహారు కిలోమీటర్లు పెరిగినంత మాత్రాన ఇంత పడిపోతుందా అంటే, ఆగడానికి పట్టే దూరం వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది, అంటే 48 నుంచి 64కి వెళ్తే బ్రేక్ దూరం దాదాపు 1.8 రెట్లు అవుతుంది. ఇక కూడలిలో పక్కనుంచి అడ్డంగా వచ్చే బండి విషయంలో, ఆ పరీక్షలో ఏ కారూ ఒక్కసారి కూడా ఆగలేదు.

కొత్త కార్ల పరిస్థితి మెరుగవుతోంది. యూరప్‌లో 2024 జులై నుంచి అమ్మే కొత్త కార్లన్నిటికీ ఇది తప్పనిసరి. అదే ఏడాది అమెరికా తెచ్చిన నిబంధనలో, దాదాపు 100 కిలోమీటర్ల వేగం వరకు ముందు బండికి తగలకుండా ఆగాలి, చీకట్లో కూడా మనిషిని గుర్తుపట్టాలి అని రాసి, 2029 సెప్టెంబరు గడువు పెట్టారు. ఇదివరకటి కార్లు అంత కష్టమైన పరీక్ష రాసి రాలేదని దీన్నిబట్టే తెలుస్తోంది.

సందేహం: హైవే ఖాళీగా ఉంది. ముందు ఏమీ లేదు. కారు ఉన్నట్టుండి బ్రేక్ కొట్టింది, గుండె ఆగినంత పనైంది. సర్వీస్ సెంటర్ వాళ్లేమో కంప్యూటర్ పెట్టి చూసి అంతా బాగానే ఉందంటున్నారు.

జవాబు: దీన్ని ఫాంటమ్ బ్రేకింగ్ అంటారు, దయ్యం బ్రేక్ అనుకోండి. నా కారుకీ ఒకసారి అయింది. రోడ్డు వంపు తిరిగే చోట, వంపుకి అవతల ఒక వ్యాన్ ఆపి ఉంది, నేనింకా స్టీరింగ్ తిప్పలేదు, ఆ క్షణానికి వ్యాన్ నా దారిలోనే ఉందని కారు అనుకుంది. వెనక బండి కాస్త దూరంగా ఉండబట్టి సరిపోయింది. ఆ తర్వాత వారం రోజులు ప్రతి వంపు దగ్గరా టెన్షనే.

మీ ఒక్కరికే కాదు. 2022 ఫిబ్రవరిలో అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ ఇలాంటి ఫిర్యాదుల మీదే టెస్లాకి చెందిన సుమారు 4 లక్షల 16 వేల కార్ల మీద, హోండాకి చెందిన 17 లక్షల దాకా కార్ల మీద పరిశీలన మొదలుపెట్టింది. వంతెన నీడ, పైనున్న బోర్డు, ఇనుప రెయిలింగ్, ఎదురెండ, ఇలా ఏదైనా కారణం కావచ్చు, తర్వాత కంప్యూటర్‌కి దొరికే తప్పు కూడా ఏమీ ఉండదు.

అసలు ఇబ్బంది ఇక్కడుంది. అనుమానం రాగానే బ్రేక్ వేసేలా పెడితే ఊరికే బ్రేకులు పడతాయి. పూర్తిగా ఖాయమయ్యాకే వేసేలా పెడితే కొన్నిసార్లు ఆలస్యమవుతుంది. మీ ఫిర్యాదు, పై ప్రశ్నలో ఆగని కార్లు, రెండూ ఒకే మీటను అటూ ఇటూ జరపడం వల్ల వచ్చేవే. 2018 మార్చిలో అరిజోనాలోని టెంపీ పట్టణంలో ఉబర్ పరీక్షిస్తున్న స్వయంచాలిత కారు, రాత్రిపూట సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళను గుద్ది చంపింది. విచారణలో తేలిందేమిటంటే, ఆమె 5.6 సెకన్ల ముందే సెన్సర్లకు దొరికింది, కానీ కంప్యూటర్ ఒకసారి బండి అని, ఒకసారి ఇంకేదో అని, ఒకసారి సైకిల్ అని మాట మారుస్తూ పోయింది. తప్పుడు హెచ్చరికలకు ఊరికే బ్రేక్ పడకూడదని ఒక సెకను ఆగి చూసే ఏర్పాటు కూడా పెట్టారు. పైగా ఆ వోల్వో కారుకి ఫ్యాక్టరీలో వచ్చిన ఆటోమేటిక్ బ్రేక్‌ని ఉబర్ సిస్టమ్ నడుపుతున్నప్పుడు ఆపేసి ఉంచారు. ఊరికే బ్రేక్ పడకుండా చూసుకోవడం ఎంత దాకా పోగలదో చూశారా.

మీరు చేయగలిగింది: అలా పడినప్పుడు యాక్సిలరేటర్‌ని గట్టిగా తొక్కితే చాలా కార్లలో బ్రేక్ వదిలేస్తుంది. జరిగిన చోటు, టైము, ఎండ ఎటునుంచి ఉందో రాసి పెట్టుకోండి, డ్యాష్‌క్యామ్ వీడియో ఉంటే దాచండి, నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా కంపెనీకి పంపండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉందా అని కూడా అడగండి.

సందేహం: అడాప్టివ్ క్రూజ్ (ముందు బండిని బట్టి వేగాన్ని కారే సర్దుకునే ఏర్పాటు) పెట్టుకుని వెళ్తున్నాను. ముందు కారు పక్క లేన్‌లోకి తప్పుకుంది, చూస్తే అక్కడ లారీ ఆగి ఉంది. మా కారు ఆగకపోగా వేగం పెంచింది! నేనే బ్రేక్ కొట్టాను.

జవాబు: కొట్టి మంచి పని చేశారు. మీ మాన్యువల్ తీసి చూడండి, ఆగి ఉన్న బండ్లను గుర్తించకపోవచ్చు అని చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. రాడార్ గొప్పతనమంతా కదిలే వాటి వేగం కొలవడంలో ఉంది. రోడ్డు పక్క బోర్డులు, వంతెనలు, మ్యాన్‌హోల్ మూతలు కూడా దానికి 'ఆగి ఉన్న లోహం'గానే కనిపిస్తాయి, అన్నిటికీ బ్రేక్ వేస్తే కారు ముందుకే పోదు, అందుకే వేగంగా వెళ్లేటప్పుడు కదలని వాటిని చాలావరకు పక్కన పెట్టేస్తారు. మీ విషయంలో ముందు కారు తప్పుకోగానే దారి ఖాళీ అనుకుని, మీరు పెట్టిన వేగం అందుకోవడానికి పరుగెత్తింది. లారీ అడ్డమని కెమెరా తేల్చుకునేసరికి మిగిలేది సెకనో రెండో. గంటకు 100 వేగంలో సెకనుకి దాదాపు 28 మీటర్లు పోతారు.

ఆగి ఉన్న అంబులెన్సులు, పోలీసు బండ్లను ఆటోపైలట్ (టెస్లా డ్రైవింగ్ సాయం) మీదున్న టెస్లాలు గుద్దిన 11 ఘటనలతో 2021లో మొదలైన దర్యాప్తు, 2023 డిసెంబరులో 20 లక్షలకు పైగా కార్ల రీకాల్ దాకా వెళ్లింది. ఆ రీకాల్ దేనికో గమనించండి. డ్రైవర్ రోడ్డు చూస్తున్నాడా లేదా అని సరిగా కనిపెట్టుకుని ఉండటానికి. క్రూజ్, లేన్‌లో ఉంచే సాయం రెండూ కలిపి కారు నడుపుతుంటే ప్రమాదాలు తగ్గుతున్నాయనడానికి పెద్దగా ఆధారం లేదని ఐఐహెచ్‌ఎస్ కూడా 2024లో చెప్పింది. వాటిని కాళ్ల నొప్పి తగ్గించే సౌకర్యంగా వాడుకోండి. ఎమర్జెన్సీ బ్రేక్‌కి ఉన్న మంచి పేరు వీటికి అంటగట్టొద్దు.

సందేహం: రాయి తగిలి ముందు అద్దం మార్పించాను. హెచ్చరిక లైటు ఏమీ వెలగడం లేదు. కెమెరా కాలిబ్రేషన్ (చూపు సూటిగా ఉండేట్టు సరిచేయడం) అంటూ అదనంగా డబ్బు అడుగుతున్నారు, నిజంగా అవసరమా?

జవాబు: అవసరమే. కెమెరా ఒక్క డిగ్రీ పక్కకు తిరిగినా 50 మీటర్ల దూరంలో దాదాపు 90 సెంటీమీటర్లు తేడా వస్తుంది, పక్క లేన్‌లో బండి మీ లేన్‌లో ఉన్నట్టు అనిపించడానికి అది చాలు. లైటు వెలగకపోతే కెమెరా బతికే ఉందని అర్థం, సూటిగా చూస్తోందని కాదు.

సందేహం: లేన్ దాటితే వచ్చే బీప్, స్టీరింగ్ లాగడం భరించలేకపోతున్నాను. ఆపేయొచ్చా?

జవాబు: ఆపేయండి. సెట్టింగుల్లో దాన్ని ఒక్కదాన్నే ఆపండి, ఎమర్జెన్సీ బ్రేక్ జోలికి మాత్రం వెళ్లొద్దు. కొన్ని కార్లలో ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే అది మళ్లీ ఆన్ అవుతుంది, రోజూ నొక్కాల్సిందే.

సందేహం: నాకు కారు లేదు. రాత్రి భోజనమయ్యాక రోడ్డు మీద నడుస్తాను. మెరిసే పట్టీలున్న జాకెట్ వేసుకుంటే ఈ కార్లు నన్ను బాగా గుర్తుపడతాయా?

జవాబు: ఈ విడతలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే. ఐఐహెచ్‌ఎస్ 2025 జనవరిలో సరిగ్గా ఇదే పరీక్ష ఫలితాలు బయటపెట్టింది. మూడు కార్లు తీసుకున్నారు, డమ్మీకి రకరకాల బట్టలు తొడిగారు. వాటిలో రెండు కార్లు మెరిసే పట్టీలున్న డమ్మీని చూసి వేగమే తగ్గించలేదు. మనిషి కంటికి బాగా కనిపించాలని వేసుకున్నదే కెమెరాని తికమక పెట్టింది. మూడో కారు ఒక్కసారి తప్ప అన్నిసార్లూ ఆగింది. జాకెట్ మానకండి, స్టీరింగ్ వెనకున్న మనిషికి మీరు కనిపించేది దానివల్లే. రోడ్డు దాటేటప్పుడు మాత్రం వచ్చే కారు నిజంగా నెమ్మదించాకే అడుగు వేయండి.