టెక్ సందేహాలు: 13 చుక్కల్లో మనిషిని పోల్చగలరా?

ప్ర: ఠాకురాణి జాతరకి స్తంభాల మీద గుండ్రటి కెమెరాలు బిగించారు. వాటికి ముఖాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ ఉందో లేదో చూసి చెప్పొచ్చా? పులి వేషం కట్టినవాణ్ని కూడా పట్టేస్తుందా?
– ఒక పాఠకుడు, బరంపురం

జ: చూసి చెప్పలేం. ముఖాల్ని పోల్చే పని చాలావరకు కంట్రోల్ రూములోని సర్వర్‌లో జరుగుతుంది. మామూలు సీసీ కెమెరా వీడియోని అటు మళ్లిస్తే చాలు. కాబట్టి కెమెరా ఆకారం చూసి భయపడటం, ధైర్యపడటం రెండూ దండగే. అది ఎక్కడ, ఎంత ఎత్తులో ఉందో చూడండి.

లెక్క ఇదీ. 2 మెగాపిక్సెల్ కెమెరా బొమ్మ వెడల్పు 1920 పిక్సెళ్లు, అంటే చుక్కలు. దానికి ఎక్కువగా వచ్చే 2.8 ఎంఎం లెన్సు సుమారు 100 డిగ్రీల మేర చూస్తుంది. 3 మీటర్ల దూరంలో ఆ చూపు 7 మీటర్ల వెడల్పు పరుచుకుంటుంది, అంటే మీటరుకు 270 పిక్సెళ్లు. తెలియని మనిషిని వీడియోలో నిర్ధారించుకోవాలంటే మీటరుకు 250 ఉండాలని సీసీ కెమెరాల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62676-4 చెబుతుంది. అదే 10 మీటర్ల దూరమైతే 24 మీటర్ల వెడల్పు, మీటరుకు 80 పిక్సెళ్లే. 16 సెంటీమీటర్ల వెడల్పున్న ముఖానికి దక్కేవి 13. రెండు కళ్ల మధ్యన 5. 13 చుక్కలతో ముగ్గు పెట్టొచ్చు గానీ మనిషిని పోల్చలేం.

అందుకే ముఖాల కోసమే పెట్టిన కెమెరా ఇరుకు దారిలో ఉంటుంది. క్యూ గేటు, మెట్ల మొదలు, మెటల్ డిటెక్టర్ చట్రం వెనక. ఎత్తు తక్కువ, లెన్సు 8 నుంచి 12 ఎంఎం, చూపు ఎదురొచ్చేవాళ్ల మొహం మీదికి. కూడలిలో తాటిచెట్టంత ఎత్తున ఉన్నది జనం రద్దీ చూడటానికే పనికొస్తుంది, జూమ్ చేసే పీటీజెడ్ రకం కాకపోతే.

ఇక వేషం సంగతి. సాఫ్ట్‌వేర్ ముందు బొమ్మలో ముఖం ఎక్కడుందో వెతుకుతుంది. కళ్లు, ముక్కు, నోటి మూలలు పట్టుకుని దాన్ని నిటారుగా సర్దుతుంది. ఆ తర్వాత ముఖాన్ని అంకెల వరుసగా మారుస్తుంది, చాలా వాటిలో 512 అంకెలు. పోలీసుల జాబితాలో ఉన్న ముఖాల వరుసలతో దీన్ని పోల్చి ఎంత దగ్గరగా ఉందో స్కోరు ఇస్తుంది. ఒళ్లంతా చారలు, మొహానికి దట్టమైన రంగు ఉంటే మొదటి మెట్టులోనే తప్పిపోయే అవకాశం ఎక్కువ. బొట్టు, నామం, గడ్డం దాన్ని ఆపలేవు. కరోనాకి ముందు తయారైన 89 అల్గారిథమ్‌లని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2020లో మాస్కు బొమ్మలతో పరీక్షిస్తే 5 నుంచి 50 శాతం దాకా తప్పాయి. తర్వాత వచ్చినవి మాస్కుకి అలవాటు పడ్డాయి.

తప్పించుకునేవాడి కన్నా పొరపాటున దొరికేవాడే నాకు పెద్ద దిగులు. ఊరికే లెక్క కోసం అనుకోండి: జాతరకి 50,000 మంది వచ్చారు, సాఫ్ట్‌వేర్ వెయ్యికి ఒక్కసారే పొరబడుతుంది. వినడానికి ఎంతో బాగుంది. జనంలో నిజంగా కావలసినవాళ్లు 5 మంది ఉంటే 4 మందిని పట్టింది. మొత్తం గంట మోగేది 54 సార్లు, అందులో 50 సార్లు ఏ పాపం తెలియనివాళ్ల మీద. జాబితా పెరిగేకొద్దీ ఈ పొరపాట్లూ పెరుగుతాయి.

ప్ర: మా అబ్బాయి పని మీద వెళ్లొస్తుంటే ఒక రైల్వే స్టేషన్‌లో ఆపి, ఫోనుతో ఫొటో తీసి, 'నీ మొహం మ్యాచ్ అయింది' అన్నారట. అరగంట కూర్చోబెట్టి పంపేశారు. వాడి మీద ఏ కేసూ లేదు. ఇప్పుడేం చేయాలండీ?
– ఒక తల్లి, రాయగడ

జ: ముందు ఒక మాట అమ్మా, ఆ మ్యాచ్ అనేది స్కోరు మాత్రమే. ఎంత స్కోరు వస్తే మ్యాచ్ అనాలో సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లే పెట్టుకుంటారు. 80 శాతం దాటితే మ్యాచ్ కిందే తీసుకుంటామని ఢిల్లీ పోలీసులు 2022లో సమాచార హక్కు దరఖాస్తుకి జవాబిచ్చారు. ఆ 80కి అర్థం 'నూటికి 80 పాళ్లు ఇతనే' అని కాదు, రెండు బొమ్మల పోలికకి సాఫ్ట్‌వేర్ వేసిన మార్కు, అంతే. పైగా అమెరికాలో తయారైన చాలా అల్గారిథమ్‌లు తెల్లవాళ్లతో పోలిస్తే ఆసియా, ఆఫ్రికా మూలాల వాళ్ల విషయంలో 10 నుంచి 100 రెట్లు ఎక్కువగా ఒకరిని చూసి ఇంకొకరనుకున్నాయని నిస్ట్ 2019 నివేదికలో ఉంది. అమెరికాలో రాబర్ట్ విలియమ్స్‌ని డెట్రాయిట్ పోలీసులు 2020 జనవరిలో ఇలాగే మసక వీడియో, పాత లైసెన్సు ఫొటో కలిశాయని ఇంటి ముందే అరెస్టు చేశారు. దొంగ అతను కాదు.

ఆపినవాళ్లు జీఆర్‌పీయా, ఆర్‌పీఎఫ్‌ఫా అన్నది అబ్బాయినడిగి తెలుసుకోండి. మొదటిది రాష్ట్ర పోలీసు, రెండోది రైల్వే శాఖది. అర్జీ వెళ్లాల్సిన చోటు దాన్నిబట్టి మారుతుంది. తేదీ, సమయం, ప్లాట్‌ఫారం, కూర్చోబెట్టిన గది, చొక్కా మీది పేరు మరచిపోకముందే రాసిపెట్టించండి. టికెట్ పారేయొద్దు. పోలీస్ స్టేషన్‌లో కూర్చోబెట్టి ఉంటే అక్కడి సీసీ కెమెరాల రికార్డింగు భద్రపరచమని వారం లోపల స్పీడ్ పోస్టులో రాయండి. పోలీస్ స్టేషన్ల కెమెరా రికార్డింగు 18 నెలలు నిలవ ఉంచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో చెప్పింది. ఆచరణలో హార్డ్‌డిస్కు నిండితే పాతది చెరిగిపోతుంది, అందుకే ఆలస్యం వద్దు.

మళ్లీ ఆపితే అబ్బాయి గొడవ పడకుండా అడగాల్సింది ఒక్కటే: 'ఏ స్టేషన్, ఏ కేసు నంబరు?' విచారణకి రమ్మంటే బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 35(3) నోటీసు రాతపూర్వకంగా అడగవచ్చు. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్లకి తెలియజేయాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి.

ఆ ఫొటో ఏమవుతుందన్నదే అసలు చిక్కు. 2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ ఐడెంటిఫికేషన్ చట్టం శిక్షపడ్డవాళ్లు, అరెస్టయినవాళ్లు, ముందస్తు నిర్బంధంలో ఉన్నవాళ్లు, మంచి ప్రవర్తనకి పూచీకత్తు ఇవ్వాల్సినవాళ్ల కొలతలు, ఫొటోలు తీసుకోనిస్తుంది. ఆ రికార్డు 75 ఏళ్లు ఉంటుంది. ఇంతకుముందు శిక్షపడనివాళ్లు విడుదలైతే, అప్పీళ్లన్నీ ముగిశాక చెరిపేయాలి, కోర్టు వద్దంటే తప్ప. దారినపోయేవాణ్ని ఆపి ఫోనుతో తీసిన ఫొటో ఈ జాబితాలోకి రాదు, మేజిస్ట్రేటు ఉత్తర్వు ఉంటే వేరే సంగతి. హైదరాబాదులో 2021 మేలో మాస్కు తీయించి ఫొటో తీశారని ఎస్.క్యూ. మసూద్ తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం వేశారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. మీ అర్జీలో కూడా 'తీసిన ఫొటో ఏ చట్టం కింద ఉంచారు, ఎప్పుడు చెరిపేస్తారు' అని ఆ రెండు ముక్కలూ చేర్చండి.

ప్ర: నాది కిరాణా కొట్టు, నాలుగు కెమెరాలు. ఠాణా నుంచి వచ్చి డీవీఆర్ (కెమెరా వీడియో రికార్డయ్యే పెట్టె) పాస్‌వర్డ్ ఇమ్మంటున్నారు, కాదంటే బాగుంటుందా?
– ఒక వ్యాపారి, పర్లాకిమిడి

జ: సహకరించండి, అడ్మిన్ పాస్‌వర్డ్ మాత్రం ఇవ్వకండి. డీవీఆర్ మెనూలో 'యూజర్ మేనేజ్‌మెంట్'కి వెళ్లి కొత్త యూజర్ని చేర్చండి. వీధివైపు కెమెరా చానెల్ ఒక్కదానికే 'లైవ్ వ్యూ' టిక్ పెట్టండి. ప్లేబ్యాక్, బ్యాకప్, సెట్టింగులు తీసేయండి. గల్లాపెట్టె మీది కెమెరా ఊళ్లోవాళ్లు చూడాల్సిన పని లేదు. రౌటర్‌లో యూపీఎన్‌పీ (బయటి ఇంటర్నెట్ నుంచి దారి దానంతటదే తెరిచే సెట్టింగు) ఆపేయండి. అది తెరిచి ఉంటే ఠాణా వాళ్లే కాదు, ఎక్కడివాడైనా తలుపు తట్టొచ్చు.

ఫలానా రోజు రికార్డింగు కావాలంటే బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 94 కింద ఐఐసీ (ఠాణా ఇన్‌చార్జి ఇన్‌స్పెక్టర్) రాతపూర్వకంగా అడగాలి. కాపీ తీసే ముందు డీవీఆర్ గడియారాన్ని మీ ఫోను టైంతో పోల్చి తేడా కాగితం మీద రాయండి. 7 నిమిషాల తేడా చాలు, కొట్టు ముందు నుంచి నడిచిన ఇంకొకడు నేరస్థుడైపోవడానికి. ఆ మసక ముఖాన్నే సాఫ్ట్‌వేర్‌కి పెడతారని గుర్తుంచుకోండి. అందుకే ఒరిజినల్ ఫైలే ఇవ్వండి, టీవీ తెరని ఫోనుతో తీసి వాట్సాప్‌లో పంపొద్దు. కోర్టులో చెల్లడానికి బీఎస్‌ఏ (కొత్త సాక్ష్య చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి, అందులో ఫైలు హాష్ విలువ (ఫైలు కాస్త మారినా మారిపోయే గుర్తు సంఖ్య) రాయాలి. విండోస్‌లో ఉన్న సర్ట్‌యుటిల్ కమాండ్‌తో షా-256 హాష్ వస్తుంది. డీవీఆర్‌నే పట్టుకెళ్తామంటే జప్తు జాబితాలో హార్డ్‌డిస్కు సీరియల్ నంబరు పడాలి, ఒక కాపీ మీ చేతికి రావాలి.

రికార్డింగు ఎన్నాళ్లుంటుందనా? ఒక్కో కెమెరా 2 ఎంబీపీఎస్ (సెకనుకి 2 మెగాబిట్లు) అయితే రోజుకి 21.6 జీబీ, నాలుగింటికి 86 పైన. 1 టీబీ డిస్కులో పదకొండు రోజులకి కాస్త పైన నిలుస్తుంది.

ప్ర: ఆధార్ ఫొటోలతో పోల్చేస్తారంటున్నారు, నిజమేనా?
– గుణుపురం

జ: పోలీసులు అడిగిన వెంటనే ఇచ్చే వీలు లేదు. వేలిముద్రలు, కనుపాప వివరాలు ఎవరికీ ఇవ్వకూడదని ఆధార్ చట్టం సెక్షన్ 29 చెబుతుంది. ఫొటో ఆ రెండింట్లోకి రాదు, కానీ అది ఇవ్వాలన్నా సెక్షన్ 33 ప్రకారం హైకోర్టు జడ్జి స్థాయి ఉత్తర్వు ఉండాలి. దేశ భద్రతకి వేరే దారి ఉంది. మీరు జెరాక్సు షాపులో వదిలేసిన ఆధార్ కాపీ సంగతి మాత్రం నేను చెప్పలేను.

ప్ర: మా ఊరి పోలీసులు ముఖాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ వాడుతున్నారో లేదో అడిగి తెలుసుకోవడమెలా?
– బరంపురం నుంచే ఇంకొకరు

జ: సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. బరంపురం పోలీసు జిల్లాకి వేరే ఎస్పీ ఉన్నారు, ఛత్రపురం వైపు గంజాం ఎస్పీ. చిరునామా తప్పితే నెల పోతుంది. ఒడిశాలో ఫారం-ఏలో రాసి 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించాలి. తెలుగులో రాయకండి. చట్టం ఇంగ్లీషు, హిందీ, ఆ ప్రాంత అధికార భాషల్నే ఒప్పుకుంటుంది, ఇక్కడ అది ఒడియా. సిరొంచ, ధర్మాబాద్ వైపు పాఠకులకి మరాఠీ. మహారాష్ట్రలో ఒక దరఖాస్తుకి ఒకే విషయం, 150 మాటలకి మించకూడదు.

'ఎందుకు వాడుతున్నారు' అని అడిగితే జవాబు రాదు, కాగితాలు అడగాలి. సాఫ్ట్‌వేర్ కొనుగోలు ఉత్తర్వు నకలు. మ్యాచ్‌కి పెట్టుకున్న కనీస స్కోరు. జాబితాలో ఎవరెవరి ఫొటోలు చేరుస్తారో చెప్పే ఉత్తర్వు. గత ఏడాది ఎన్ని అలర్టులు వచ్చాయి, విచారణలో ఎన్ని సరైనవని తేలాయి. మ్యాచ్ కాని ముఖాల్ని ఎన్ని రోజులకి చెరిపేస్తారు. వీటిలో నాలుగోదానికి జవాబు వస్తే నాకూ ఒక కాపీ పంపండి.

దర్యాప్తుకి అడ్డమని సెక్షన్ 8(1)(హెచ్) చూపి మొత్తం తిరస్కరిస్తే, ఇవ్వగలిగినంత భాగం ఇవ్వాలనే సెక్షన్ 10 గుర్తుచేస్తూ 30 రోజుల లోపు మొదటి అప్పీలు వేయండి. దానికి 20 రూపాయల స్టాంపు.