కొనేవారు వెనక్కి తగ్గిన వేళ

ప్రశ్న: అనంతపురంలో ఒక దుకాణం తరఫున ఊరూరా తిరిగి బోరు మోటార్లు అమ్ముతున్నాను. ఆరు నెలలుగా అమ్మకాలు సగానికి పడిపోయాయి. "ఇప్పుడు కాదు" అనే మాట విని విని ఉదయం బండి తీయడానికే మనసు రావడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే మీ ప్రాంతంలో వేరుశనగ చాలావరకు వానపైనే ఆధారపడుతుంది కాబట్టి, జూన్, జూలై నెలల్లో విత్తనానికీ ఎరువుకూ పెట్టిన డబ్బు పంట అమ్మేదాకా రైతుకు తిరిగి రాదు. అటువంటి రైతు తన చేతిలో డబ్బు లేదని చెబుతున్నాడే తప్ప మిమ్మల్ని కాదనడం లేదు. ఈ తేడా మీ మనసుకు పట్టాలని గట్టిగా కోరుకుంటున్నాను. కొత్త మోటారు కొనలేనివారు పాతదానికే వైండింగ్ చేయించుకుంటారు గనుక, మీరు లోగడ అమ్మిన మోటార్లు ఎలా నడుస్తున్నాయో చూసి, స్టార్టరు, కేబులు పరిశీలించి రండి. అమ్మాలనే ఆత్రం లేకుండా వెళ్లిన రోజు మీకూ తేలికగా ఉంటుంది. ఎవరిని కలిశారో, ఎవరు ఎప్పుడు రమ్మన్నారో ప్రతి సాయంత్రం పుస్తకంలో రాసుకోండి. టార్గెట్ కోసం అప్పుల్లో ఉన్న రైతుకు అరువుపై మోటారు అంటగట్టడం మాత్రం వద్దు. ఆ పుస్తకమే యజమానికి చూపించి, ఈ సీజనుకు టార్గెట్ తగ్గించమని నేరుగా అడగండి.