ఏప్రిల్‌లో మొదటి బ్యాచ్ దించొచ్చా?

నాలుగు వేల బ్రాయిలర్ల షెడ్డు కట్టామని, పిల్లల్ని, దాణాను ఇచ్చి పెంపకానికి కూలి కట్టే కంపెనీ ఏప్రిల్ మధ్యలో పిల్లల్ని దించమంటోందని, ఏ కాలంలో ఏం చూసుకోవాలని అడిగారు. నాది సిద్దిపేట దగ్గర ఐదు వేల కోళ్ల షెడ్డు. పైన సిమెంటు రేకులు, పక్కలకు జాలీ. తొమ్మిదేళ్లయింది.

మీ చేతిలో ఉంటే ఏప్రిల్ వద్దు, అన్నా. పిల్ల దిగిన రోజు ఎండ కాదు, కోడి రెండు కిలోలకు వచ్చే రోజు ఎండ చూసుకోవాలి. ఏప్రిల్ 15న దించితే ఆ బరువు వచ్చేది మే చివర, సరిగ్గా రోహిణి కార్తెలో. మొదటి వారం పిల్లకు 32, 33 డిగ్రీలు కావాలి కాబట్టి దానికి ఎండాకాలం హాయే. పెద్ద కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దిక్కు. కంపెనీ వినకపోతే మూడు వేల మూడొందలే దించమనండి. వచ్చే కూలి తగ్గితే తగ్గనీ.

నా రెండో ఏడు, మే నెల, 36వ రోజు బ్యాచ్. మధ్యాహ్నం ఫీడర్ల నిండా దాణా ఉంది. మూడింటికి కరెంటు పోయింది, ఫ్యాన్లు ఆగాయి. ఆరింటికల్లా 412 కోళ్లు పోయాయి. గొయ్యికి జేసీబీ పిలవాల్సి వచ్చింది. తిన్నది అరిగేటప్పుడు ఒంట్లో పుట్టే వేడికి బయటి వేడి తోడైందని డాక్టరు చెప్పాకే అర్థమైంది. ఇప్పుడు పొద్దున పదింటికే ఫీడర్లు పైకి కట్టేస్తా, సాయంత్రం ఐదున్నర దాటాక దించుతా, రాత్రి లైటు వేసి తినిపిస్తా. ట్యాంకుకు తడి గోనెసంచులు చుట్టి, మధ్యాహ్నం పైపుల్లో కాగిన నీళ్లు వదిలేస్తా. నీటి తుంపర చల్లే ఫాగర్లు మాత్రం ఫ్యాన్లు తిరుగుతుంటేనే వేయండి. గాలి లేకుండా వేస్తే షెడ్డు ఇడ్లీపాత్రే.

వానాకాలంలో షెడ్డు నేల మీద పరిచిన ఊక ఒక్కటి చూసుకోండి. పిడికిట్లో పట్టి వదిలితే రాలాలి, ముద్దలా నిలబడితే తీసేసి పొడి ఊక పోయాలి. రెట్టలో రక్తం కనపడితే ఆ రోజే డాక్టరును పిలవండి.

అందరూ ఎండకే భయపడతారు గానీ, నన్ను ఎక్కువసార్లు దెబ్బతీసింది చలికాలమే. మొదటి జనవరిలో పిల్లలకు చలేస్తుందని రాత్రంతా జాలీకి కట్టే పరదాలు బిగించా. తెల్లవారుజామున సూపర్‌వైజర్ వచ్చి, "ఇక్కడ గొంతుక్కూర్చో" అన్నాడు. నిలబడితే తెలియలేదు గానీ, పిల్లల ఎత్తుకు ముక్కు వచ్చేసరికి అమ్మోనియా ఘాటుకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పిల్లలు ఆ గాలే పీలుస్తున్నాయి. ఆ బ్యాచ్‌లో కొక్కెర తెగులు రాకుండా వేసే లసోటా టీకా వేశాక గురక పట్టుకుని వదల్లేదు, తర్వాత కడుపులో నీరు చేరి కొన్ని పోయాయి. అప్పటి నుంచి పరదా కింద బిగించి, పైన జానెడు తెరిచి ఉంచుతున్నా. చలిగాలి పిల్లలకు నేరుగా తగలదు, ఘాటు పైనుంచి పోతుంది. పిల్లలకు వెచ్చదనం కోసం వెలిగించే గ్యాస్ కాస్త ఎక్కువ కాలుతుంది, కాలనివ్వండి.

ఏప్రిల్‌లోనే దించక తప్పకపోతే, పిల్లలు రాకముందే జనరేటర్ అద్దెకు మాట్లాడి అడ్వాన్సు ఇచ్చేయండి. మే నెలలో అడిగితే మా మండలంలో ఎవరి దగ్గరా ఉండదు.